తిరగని ఫ్యానుకు మోటారే కారణమా?



వేసవిలో మన బళ్ళారి ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పగటిపూట 40 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో మనుషులకే కాదు, బండ్లకు కూడా కష్టకాలమే. హొసపేట రోడ్డు మీద లారీల వరుస వెనుక కారు ఆగిపోతుంది. ఏసీ నడుస్తూనే ఉంటుంది. పది నిమిషాలు గడిచేసరికి డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు జరుగుతుంది. బానెట్టు కింది నుంచి ఆవిరి వస్తుంది. గ్యారేజీకి తీసుకుపోతే, "ఫ్యాను తిరగడం లేదు సార్, మోటారు పోయింది, మార్చాలి" అంటారు. మీరు డబ్బు కట్టి ఇంటికి వస్తారు. వారం తిరగకుండానే మళ్ళీ అదే ఆవిరి.

ముప్పై ఏళ్ళకు పైగా కార్లకు కరెంటు పని చేస్తున్నవాణ్ణి. మోటారు మార్చాలన్న ఆ మాట నేను కూడా ఒకసారి తొందరపడి అన్నాను. దాని వల్ల ఒక మనిషికి ఎంత నష్టం జరిగిందో తర్వాత చెబుతాను. ముందుగా ఆ ఫ్యాను ఏం చేస్తుందో, దానికి కరెంటు ఏ దారిన వస్తుందో చూద్దాం.

ఇంజన్ లోపల పుట్టే వేడిని కూలెంటు, అంటే మందు కలిపిన నీరు, రేడియేటరు దాకా మోసుకొస్తుంది. రేడియేటరు రెక్కల గుండా గాలి పోతే ఆ వేడి బయటికి పోతుంది. కారు వేగంగా పోతున్నప్పుడు గాలి తనంతట తానే వచ్చి తగులుతుంది. కారు నిలిచినప్పుడు, నెమ్మదిగా పాకుతున్నప్పుడు ఆ గాలిని లాగవలసింది ఫ్యానే. పాత అంబాసిడర్‌లోనూ ప్రీమియర్ పద్మినిలోనూ ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. ఇంజన్ నడిస్తే ఫ్యాను తిరిగినట్టే. 1983లో మారుతి 800 వచ్చాక మన ఊళ్ళలో కరెంటు ఫ్యాను మామూలైపోయింది. ఇది అవసరమైనప్పుడే తిరుగుతుంది. చాలా కార్లలో కూలెంటు వేడి 95 డిగ్రీల ప్రాంతానికి చేరినప్పుడు ఫ్యాను మొదలవుతుంది, కొన్ని డిగ్రీలు తగ్గగానే ఆగుతుంది.

ఇందులోనే మీకు మొదటి ఆనవాలు ఉంది. కారు ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే చల్లబడుతుంటే ఫ్యానును అనుమానించండి. అలా కాక, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో పోతున్నప్పుడు కూడా వేడెక్కుతుంటే తప్పు చాలా వరకు ఫ్యానుది కాదు. నీరు తగ్గిందా, రేడియేటరు పూడిందా, థర్మోస్టాట్ మూసుకుపోయిందా, నీటి పంపు పాడయిందా అని చూడాలి. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఇక కరెంటు దారి. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి బలమైన దారి. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి మోటారు, మోటారు నుంచి ఎర్త్ వైరు ద్వారా బాడీకి, బాడీ నుంచి తిరిగి బ్యాటరీకి. చిన్న కారు ఫ్యాను మోటారు సుమారు 10 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. పెద్ద కార్లలో 20, 30 ఆంపియర్లు కూడా ఉంటుంది. రెండోది ఆజ్ఞ ఇచ్చే దారి. రేడియేటరు దగ్గరో ఇంజన్ మీదో ఉండే వేడి స్విచ్చు, లేదా కొత్త కార్లలో సెన్సరూ కంప్యూటరూ కలిసి, "ఇక తిప్పు" అని రిలేకు చెబుతాయి. ఈ దారిలో పోయేది ఆంపియరులో ఐదో వంతో, ఆరో వంతో.

ఫ్యాను తిరగకపోతే ఈ రెండు దారుల్లో ఎక్కడో ఒకచోట తెగిందని అర్థం. మోటారు అనేది ఆ వరుసలో ఒక్క మజిలీ మాత్రమే. మన తుంగభద్ర కాలువ ఆయకట్టులో చివరి పొలానికి నీరు అందకపోతే ఆ పొలాన్ని తప్పు పట్టం కదా? తూము దగ్గరికి పోయి చూస్తాం, పిల్ల కాలువ చూస్తాం, ఎక్కడ పూడిందో వెతుకుతాం. ఇక్కడా అంతే.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను.

2009 ఏప్రిల్ నెల. ఒక టాక్సీ అతను వచ్చాడు. అప్పు మీద కొన్న చిన్న కారు, హంపికి యాత్రికులను తిప్పుతూ నెల నెలా కంతులు కట్టుకుంటున్నాడు. "అన్నా, ఫ్యాను తిరుగుతా లేదు. రేపు పొద్దున్నే పార్టీ ఉంది, ఏమన్నా చేసియ్యి" అన్నాడు. నేను ఫ్యాను కనెక్టరు ఊడదీసి, వేడి స్విచ్చును వైరుతో కలిపి, కనెక్టరులోని రెండు పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టాను. 12.4 వోల్టులు చూపించింది. కరెంటు అక్కడి దాకా వస్తోంది, తిరగడం లేదంటే మోటారే పోయిందని తేల్చేశాను. కొత్త మోటారు వేశాను. తిరిగింది. కొంచెం నెమ్మదిగా తిరుగుతోందని అనిపించింది గానీ, కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. అతను డబ్బిచ్చి వెళ్ళిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం తోరణగల్లు దగ్గర ఖనిజం లారీల మధ్య అతని కారు ఇరుక్కుంది. ఫ్యాను తిరగలేదు. కొత్త మోటారు వేయించాను కదా అన్న ధైర్యంతో అతను ముల్లు వంక చూడలేదు. ఇంజన్ దానంతట అదే ఆగిపోయేదాకా తెలియలేదు. హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది, అల్యూమినియం హెడ్డు వంగింది. కారును తాడు కట్టి లాక్కొచ్చారు. "ఏమన్నా, కొత్త మోటారు వేసినావు కదా, మళ్ళీ ఎట్ల కాగింది?" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం నేను పక్కన పడేసిన పాత మోటారును తీసి, రెండు వైర్లతో నేరుగా బ్యాటరీకి తగిలించాను. గిర్రున తిరిగింది. దానికి ఏ రోగమూ లేదు. తర్వాత కొత్త మోటారు కనెక్టరు తగిలించి ఉండగానే, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొనను ఫ్యాను నల్ల వైరు మీద పెట్టి చూశాను. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. 4 వోల్టులకు పైగా చూపించింది. ఆ వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే గ్రిల్లు వెనుక బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు దగ్గరికి చేరాను. కింద తుప్పు, వైరు కొన మీద పచ్చటి చిలుము. నేను మోటారు మార్చేటప్పుడు వైర్లు కదిలి ఆ చిలుము కాస్త రాలి, ఒక పూటకు సరిపడా ఆనింది. రోడ్డు అదురుకు మళ్ళీ వదిలేసింది. గీకి, బిగించి, కాస్త గ్రీజు రాస్తే సరిపోయేది. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

మరి మీటరు 12.4 వోల్టులు ఎందుకు చూపించింది? అబద్ధం చెప్పిందా? లేదు, నేను ప్రశ్న తప్పుగా అడిగాను. కాలువకు చివర తలుపు మూసి ఉంచితే, మధ్యలో ఎంత పూడిక ఉన్నా కాసేపటికి రెండు వైపులా నీరు ఒకే మట్టానికి నిలుస్తుంది. తలుపు ఎత్తి నీరు పారిస్తేనే కింది వైపు మట్టం దిగిపోయి, పూడిక సంగతి బయటపడుతుంది. కరెంటూ అంతే. కనెక్టరు ఊడదీసినప్పుడు కరెంటు పారడం లేదు. మీటరు తీసుకునేది లెక్కలోకి రానంత. అందుకని ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరైనా, చిలుము పట్టిన బోల్టైనా నిండు వోల్టేజీనే చూపిస్తుంది. 10 ఆంపియర్లు లాగితేనే దాని అసలు బలం తెలుస్తుంది. కాబట్టి భారం మోస్తున్నప్పుడే కొలవాలి. ఈ ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకుంటే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక పరీక్షించే వరుస చెబుతాను. మీరే చేసుకోవచ్చు, లేదా గ్యారేజీలో దగ్గర నిలబడి చేయించుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే చేతులు పెట్టండి. ఇంకో జాగ్రత్త. కొన్ని కార్లలో తాళం తీసిన తర్వాత కూడా ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. వేళ్ళు గానీ, తువ్వాలు కొస గానీ, చీర కొంగు గానీ దగ్గరికి పోనీయకండి. చేత్తో రెక్కను తిప్పి చూడాలంటే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

మొదటిది, కూలెంటు మట్టం. దీనికి కరెంటుతో పనేమిటని అనుకోవచ్చు. వేడి స్విచ్చుకైనా సెన్సరుకైనా నీరు తగిలితేనే వేడి తెలుస్తుంది. నీరు తగ్గి, అది గాలిలోనో ఆవిరిలోనో ఉండిపోతే ఇంజన్ కాగిపోతున్నా ఫ్యానుకు ఆజ్ఞ రాకపోవచ్చు.

రెండోది, ఏసీ వేసి చూడండి. ఏసీ ఉన్న చాలా కార్లలో ఏసీ వేయగానే రేడియేటరు ఫ్యాను కూడా తిరగాలి. అలా తిరిగితే మోటారు, దాని ఫ్యూజు, ఎర్త్ పనిచేస్తున్నట్టే. తప్పు వేడి స్విచ్చు వైపో, సెన్సరు వైపో ఉంది. రెండు ఫ్యాన్లు ఉన్న కార్లలో మాత్రం తిరుగుతున్నది ఏదో చూసుకోండి.

మూడోది, ఫ్యూజు. కంటితో చూసి వదిలేయకండి. సన్నటి పగులు కంటికి ఆనదు. టెస్ట్ ల్యాంపుతో ఫ్యూజు రెండు వైపులా తాకి చూడండి. రెండు వైపులా వెలిగితే మంచిది. ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయినట్టు. కొత్త ఫ్యూజు వేసిన వెంటనే అది కూడా పోతే మోటారు బిగుసుకుపోయి ఉండాలి, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతూ ఉండాలి. బిగుసుకుపోయిన మోటారు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు కొందరు పెద్ద ఫ్యూజు వేస్తారు, ఇంకొందరు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యూజు కాలవలసిన చోట వైరు కాలుతుంది, వైరుతో పాటు కారూ కాలుతుంది.

నాలుగోది, రిలే. చాలా రిలేల అడుగున 30, 87, 85, 86 అని అంకెలుంటాయి. 30కి బ్యాటరీ కరెంటు వస్తుంది. 87 నుంచి మోటారుకు పోతుంది. 85, 86 మధ్య చిన్న చుట్ట ఉంటుంది. ఆ చుట్టకు కరెంటు అందినప్పుడు టక్కుమని చప్పుడై 30, 87 కలుస్తాయి. మీటరుతో కొలిస్తే చుట్ట నిరోధం సాధారణంగా 50 నుంచి 120 ఓముల మధ్య ఉంటుంది. టక్కుమన్నంత మాత్రాన రిలే బాగున్నట్టు కాదు. లోపల కలిసే మొనలు మాడిపోయి కూడా ఉండవచ్చు. తేలిక మార్గం ఏమిటంటే, అదే పెట్టెలో హారనుకో మరొకదానికో అదే నంబరు రిలే ఉంటే రెంటినీ అటూ ఇటూ మార్చి చూడండి. ఇక ఫ్యాను తాళం తీసినా ఆగకుండా తిరుగుతూ బ్యాటరీని పీల్చేస్తుంటే, ఆ మొనలు అతుక్కుపోయాయేమో చూసుకోవాలి.

ఐదోది, వేడి స్విచ్చు. రెండు వైర్ల స్విచ్చు ఉన్న పాత కార్లలో దాని కనెక్టరు ఊడదీసి, తాళం వేసి, ఆ రెండు పిన్నులను మందమైన వైరుతో కలపండి. ఫ్యాను తిరిగితే స్విచ్చు మీద అనుమానం. మందమైన వైరే ఎందుకంటే, కొన్ని కార్లలో రిలే లేకుండా మొత్తం కరెంటు ఆ స్విచ్చు గుండానే పోతుంది. కంప్యూటరు ఉన్న కార్ల సెన్సరుకు మాత్రం ఈ పద్ధతి వాడకండి. అది స్విచ్చు కాదు. వేడిని బట్టి నిరోధం మారే చిన్న వస్తువు. చాలా వాటిలో 20 డిగ్రీల దగ్గర 2,000 నుంచి 3,000 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు ఉంటుంది. ఈ కార్లలో ఇంజన్ నడుస్తుండగా సెన్సరు కనెక్టరు ఊడదీస్తే, అపాయం రాకుండా కంప్యూటరే ఫ్యానును తిప్పేస్తుంది. చాలా కార్ల ఏర్పాటు ఇది. అలా తిరిగితే మోటారు దాకా దారి బాగుందని తెలుస్తుంది. స్కానరు పెట్టించినప్పుడు పి 0480 అనే కోడు వస్తే ఫ్యానుకు ఆజ్ఞ ఇచ్చే దారిలో తప్పు. పి 0117, పి 0118 వస్తే సెన్సరు దారిలో తప్పు. కోడు చెప్పేది దారి పేరు మాత్రమే, ఏ వస్తువు మార్చాలో చెప్పదు.

ఆరోది, మోటారు. ఫ్యూజు ఉన్న రెండు వైర్లతో నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వండి. నేను చేయని పరీక్ష ఇదే, రెండు నిమిషాల పని. చక్కగా తిరిగితే మోటారు కొనకండి. తిరగకపోతే స్క్రూడ్రైవరు పిడితో మోటారు వీపు మీద మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే లోపల కార్బన్ బ్రష్షులు అరిగాయని అర్థం, ఆ మోటారుకు రోజులు దగ్గర పడ్డాయి. కొన్ని కొత్త కార్లలో మోటారు లోపలే వేగం అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. వాటికి మాత్రం నేరుగా కరెంటు ఇవ్వకూడదు.

ఏడోది, అన్నీ తగిలించి, ఫ్యాను తిరుగుతుండగా కొలవడం. ముందు ఎర్త్ వైపు, బ్యాటరీ నెగటివ్‌కూ ఫ్యాను నల్ల వైరుకూ మధ్య. తర్వాత కరెంటు వచ్చే వైపు, బ్యాటరీ పాజిటివ్‌కూ ఫ్యానుకు వచ్చే వైరుకూ మధ్య. రెండు చోట్లా అర వోల్టుకు లోపు ఉంటే దారి శుభ్రంగా ఉన్నట్టు. అంతకు మించితే ఆ వైపు ఒక్కో అతుకూ దాటుకుంటూ కొలవండి. వోల్టులు ఎక్కడ మాయమవుతున్నాయో అదే మీ జబ్బు.

పని పూర్తయ్యాక రేడియేటరు ముందు ఒక కాగితం పెట్టి చూడండి. ఫ్యాను రేడియేటరు వెనుక ఉన్న కార్లలో ఆ కాగితం రేడియేటరు వైపు లాగబడాలి. బయటికి ఎగిరితే వైర్లు తారుమారుగా కలిపారని అర్థం. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కారు వేడెక్కుతూనే ఉంటుంది.

దారి మధ్యలో ముల్లు పైకి పోతే ఏం చేయాలి? ముందు ఏసీ ఆపండి. హీటరున్న కారైతే హీటరు నిండుగా పెట్టి కిటికీలు దించండి. ఉక్క పోస్తుంది, కానీ ఇంజన్ వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. ముల్లు ఎర్ర గీత చేరితే నీడ కోసం కూడా చూడకుండా పక్కకు తీసి ఇంజన్ ఆపండి. రేడియేటరు మూత తీయకండి. ఒత్తిడిలో ఉన్న ఆ నీరు 100 డిగ్రీలు దాటి కూడా ఉంటుంది. మూత తీయగానే అది మీ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాగిన ఇంజన్ మీద చన్నీళ్ళు పోయకండి. ముప్పావు గంట ఆగినా పరవాలేదు. ఒక ముప్పావు గంట ఆలస్యానికీ, ఒక ఇంజనుకూ పోలిక లేదు.

ఆ టాక్సీ అతని సంగతి చెప్పి ముగిస్తాను. హెడ్డును లేత్ షాపులో చదును చేయించి, గ్యాస్కెట్ వేసి, కారు మళ్ళీ రోడ్డెక్కేసరికి మూడు వారాలు పట్టింది. అవి యాత్రికులు వచ్చే సెలవుల రోజులు. రెండు కంతులు తప్పాయి. ఇంజన్ పని ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. పోయిన ఆ మూడు వారాల సంపాదన మాత్రం నేను తెచ్చి ఇవ్వలేకపోయాను. అతను ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. నేను ఏదైనా మార్చాలి అంటే చాలు, "అన్నా, బ్యాటరీకి తగిలించి చూసినావా?" అని నవ్వుతూ అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగే హక్కు అతనికి ఉంది. మీకూ ఉంది.

ఈసారి గ్యారేజీలో ఎవరైనా మోటారు పోయిందంటే, కోపగించుకోకుండా, "ఒకసారి నేరుగా కరెంటు ఇచ్చి చూపించండి" అని అడగండి. నిజమైన పనివాడు ఆ మాటకు నొచ్చుకోడు. అలా అడిగించుకున్నందుకు నేనైతే బాగుపడ్డాను.